రెండో సీసా

మిల్టన్
సెప్టెంబర్ 15, 2024

చిన్నాన్నకు, పిన్నికి హోప్ వందనాలు.

చేతిలో ఫోన్ ఉండగా ఈ కాగితాలేమిటని పిన్ని నవ్వుతుంది. నవ్వనివ్వండి, కారణం ఉంది. బీరు తయారీ నేర్పే మా బ్రూయింగ్ కోర్సులో ఈ టర్మ్ నుంచి రుచి చూడడం కూడా ఒక సబ్జెక్టు. దూరంగా ఉన్న ఒకరిని జతగా ఎంచుకోవాలి. ఒకే బీరును ఇద్దరూ ఎవరికి వారు రుచి చూసి, అవతలివాళ్ళు రాసింది చదవకముందే తమ మాటల్లో రాయాలి. ఫోన్‌లో అయితే ఒకరి మాట రెండోవారి నాలుక మీదికి ఎక్కేస్తుందని మా టీచర్ అంటారు.

క్లాసులో అందరూ స్నేహితుల పేర్లు ఇచ్చారు. నేను మీ పేరు ఇచ్చాను. మా చిన్నాన్న ఫిష్ ప్లాంటులో సాల్మన్ మొప్పలు ఎత్తి వాసన చూసి, ఇది వెళ్ళొచ్చు, ఇది వెళ్ళకూడదు అని తేల్చి చెప్తారని, అంతకుముందు కాకినాడలో రొయ్యలకు అదే పని చేశారని చెప్పాను. టీచర్ కుర్చీ ముందుకు జరుపుకుని విన్నారు.

ఇంకో ఆశ కూడా ఉంది. మాకిచ్చిన వాసనల పట్టికలో గూస్‌బెర్రీ, మార్జిపాన్ అని ఉంటాయి. పుట్టి బుద్ధెరిగాక నేను మార్జిపాన్ తినలేదు. తినని దాని పేరు పెట్టి వాసన ఎలా చెప్పను? మనకు మన మాటలు ఉన్నాయి కదా. రాత్రి పడుకునే ముందు ఒక్కో మాటా పైకి అనుకుంటున్నాను. వగరు, కమ్మదనం, ఘాటు, ముక్కిన వాసన, మాడు వాసన. ఇన్నాళ్ళూ ఇవన్నీ నోట్లోనే ఉన్నా నేను పట్టించుకోలేదు.

మా ఇంటి ఓనర్ వాసవి ఆంటీ ఆఫీసు పని మీద నెలకోసారి వాంకూవర్ వస్తారు. మా ఒంటారియో లాగర్ బీరు ఆవిడ సూట్‌కేసులో వస్తోంది. "నా చీరల మధ్య బీరు సీసాలు చూసి ఎయిర్‌పోర్టు వాళ్ళు నన్నేమనుకోవాలే" అన్నారు గానీ, చుట్టడానికి స్వెట్టర్ కూడా ఆవిడే ఇచ్చారు. నా మాటలు లోపలి చిన్న కవర్లో ఉన్నాయి. మీరు రాశాకే విప్పండి.

మీ పొగరుబోతు శిష్యురాలు,
హోప్

సర్రీ
అక్టోబర్ 6, 2024

హోపమ్మకు చిన్నాన్న క్రీస్తుదాసు రాయునది.

నీ సీసా క్షేమంగా చేరింది. నేను మద్యం ముట్టనని నీకు తెలుసు. కానీ ఇది చదువు కాబట్టి, నోట్లో పోసుకుని, పుక్కిలించి, సింకులో ఉమ్మేశాను. మీ పిన్ని రూపవతి సాక్షి. "చర్చి సంఘంవాళ్ళు ఎవరైనా వచ్చేలోపు ఆ సింకు కడగండి, ఆ తర్వాత మీ నోరు కడగండి" అంది.

ఇక విను. మూత తీయగానే కొత్త గోనెసంచి. దాని వెనక తడిపిన అటుకులు. గ్లాసు కాస్త వెచ్చబడ్డాక, ఎక్కడో పక్కింట్లో తేనె సీసా మూత తీసినట్టు. అంతా అయ్యాక నాలుక మొదట్లో వేపపూత పొడి. నీ కవరు విప్పాను. రొట్టె అంచు, తేనె అని రాశావు. తేనె పట్టుకున్నావు, మెచ్చుకుంటున్నాను. గోనెసంచి ఎలా వదిలేశావమ్మా?

గొప్పకు చెప్పడం లేదు, నా ముక్కు మీదే ఈ ఇల్లు నడుస్తోంది. ప్లాంటులో మెషిన్లు చాలా ఉన్నాయి. అయినా టేబుల్ దగ్గర చివరి మాట నాదే. మా సూపర్‌వైజర్ ప్రజ్వల్, మన కర్నూలు కుర్రాడు, "అంకుల్ కాదంటే కాదు" అని లారీ వెనక్కి పంపేస్తాడు. చేప తినేవాళ్ళు నన్ను చూడరు. వాళ్ళ తరఫున ముందుగా వాసన చూసేది మాత్రం నేనే. ఆ ఆలోచన నాకు ఇష్టం.

వాసవి గారితో ఇక్కడి చేదు బీరు రెండు డబ్బాలు పంపుతున్నాను. అవి కొనడానికి షాపులోకి వెళ్తూ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాను. అక్కడ మన సంఘం ట్రెజరర్ గారు కూడా టోపీతోనే కనిపించారు. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

నీ
చిన్నాన్న

మిల్టన్
నవంబర్ 10, 2024

చిన్నాన్నా, వందనాలు.

గోనెసంచి గురించి క్లాసులో చెప్పాను. గోనె అంటే ఏమిటో వివరించాక మళ్ళీ అందరం వాసన చూశాం. ఉంది. మీరు చెప్పాక అది తప్ప ఇంకేమీ రావడం లేదు. టీచర్ ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో బోర్డు మీద రాశారు. సాయంత్రం దాకా ఎవరూ తుడవలేదు.

మీ చేదు బీరు డబ్బా తెరవగానే నాకు మామిడికాయ గుర్తొచ్చింది. కాయను తుంచగానే తొడిమ దగ్గర కారే జీడి, చేతికి అంటితే మండుతుందే, ఆ వాసన. తర్వాత వాన పడ్డాక సరుగుడు తోట. చేదు మాత్రం కాకరకాయలా ఒక్కసారి కొట్టదు. మెల్లగా వచ్చి కూర్చుని, వెళ్ళనంటుంది. ఇక్కడి బీరు మర్యాదగా ఉంటే, మీ వైపు బీరు మొదటి పరిచయంలోనే భుజం మీద చెయ్యి వేస్తుంది. దేశం ఒకటే అయినా నీళ్ళు మారితే, గింజ మారితే ఇంత తేడా ఎలా వస్తుందో అని ఆశ్చర్యంగా ఉంది.

ఈసారి రెండు పంపుతున్నాను. ఒకటి క్విబెక్ గోధుమ బీరు. రెండోది నోవా స్కోషియాది, ఉప్పు వేసి పులియబెట్టింది. అందులో ఒక వాసన నాకు దొరకడం లేదు. ముక్కు దాకా వచ్చి జారిపోతోంది. మీకైతే ఒక్క క్షణం పట్టదు. అందుకే నా కవర్లో ఆ చోట ఖాళీ వదిలాను.

నాన్నకు ఇప్పటికీ ఫుడ్ సైన్స్ అనే చెప్తున్నాను. అది అబద్ధం కాదు కదా.

హోప్

సర్రీ
జనవరి 12, 2025

హోపమ్మకు,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. క్రిస్మస్‌కు ముందు పట్టిన జ్వరం నన్ను మంచం మీదే ఉంచింది. చర్చిలో క్రిస్మస్ పాటలకు కూడా వెళ్ళలేదు. ఇప్పుడు లేచి తిరుగుతున్నాను, పనికి పోతున్నాను.

క్విబెక్ బీరు తెల్లగా, మబ్బుగా ఉంది. నురుగు బాగా నిలిచింది. చల్లగా, తేలికగా దిగింది. నువ్వు రాసిన ధనియాలు, నారింజ తొక్క నిజమే. నోవా స్కోషియాది పుల్లగా, ఉప్పగా ఉంది. బుడగలు సన్నం. ఖాళీ వదిలిన చోట ఏం రాయాలో నాకూ తోచలేదు. ఏమీ లేదేమో, నువ్వు ఊహించుకున్నావేమో.

ఇక్కడ వాన. మీ పిన్నికి కొత్త అనుమానం పట్టుకుంది. ఇంటికి తెచ్చిన చేపను తను వాసన చూశాకే పొయ్యి ఎక్కనిస్తోంది. ఇన్నేళ్ళ ఉద్యోగానికి ఇంట్లో దక్కిన గౌరవం ఇదీ.

చిన్నాన్న

మిల్టన్
ఫిబ్రవరి 16, 2025

చిన్నాన్నా,

జ్వరం పూర్తిగా తగ్గిందా? తగ్గిందనుకునే పోట్లాడుతున్నాను.

నురుగు, రంగు, చల్లదనం ఎవరైనా రాస్తారు. చూపు ఉంటే చాలు. మీరు అసలు మూత తీశారా? నేను రాసినదానికి అవునవును అనడానికైతే మీరెందుకు? మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో ఒక్క మాట కూడా మీది కాదనిపించింది. సంఘంలో ఎవరైనా ఏమైనా అన్నారా? టోపీ ట్రెజరర్ గారు నోరు జారారా? ఇబ్బంది అయితే మానేద్దాం. కానీ మానేసి కూడా మానేయనట్టు రాయకండి.

ఇది ఆఖరిదైనా సరే, చేసిపెట్టండి. ఈ రెండు సీసాలూ నేను కాచినవే, నా మొదటి బీరు. ఒకే రోజు కాచి, ఒకే పాత్ర నుంచి నింపాను. మూతల మీద ఒకటి, రెండు అని రాశాను. రెండింటి మధ్య తేడా ఏమిటో మీరు చెప్పాలి. ఇంతకు మించి నేను చెప్పకూడదు, ఇది క్లాసు పని. ప్రతి నంబరుకూ అదనంగా ఒక సీసా పెట్టాను, పగిలినా ఇబ్బంది లేకుండా.

పిన్నికి ముద్దులు. చేపల మీద ఆవిడ పెత్తనం నాకు నచ్చింది.

హోప్

సర్రీ
మార్చి 9, 2025

హోపమ్మా,

నీ చేత్తో కాచిన బీరు అనగానే ఒక్కణ్ణే రుచి చూడాలనిపించలేదు. శనివారం ప్రజ్వల్‌ను ఇంటికి పిలిచాను. మా అన్న కూతురు కాచింది అని చెప్పి గాజు గ్లాసులు తీయించాను. మొదటి సీసా చాలా బాగుంది. రెండోది ఇంకా బాగుంది. అందులో మొగలిపువ్వు లాంటి పరిమళం ఉందని ప్రజ్వల్‌కు చెప్పాను. "అవునా అంకుల్" అన్నాడు. ఒక్క గుక్క తాగి, "డ్రైవ్ చేయాలి అంకుల్, ఇక చాలు" అని గ్లాసు పక్కన పెట్టేశాడు. మొదటి సీసా అయితే గ్లాసు నిండా తాగినవాడు. కుర్రాడికి బాధ్యత ఎక్కువ. మీ పిన్ని చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడింది. బీరంటే తనకు గిట్టదని తెలిసిందే కదా.

తేడా ఏమిటంటే, రెండోదానిలో నీ చెయ్యి తిరిగింది. టీచర్‌కు అలాగే చెప్పు. సంఘంలో ఎవరూ ఏమీ అనలేదు. అనవసరంగా మనసు పాడుచేసుకోకు.

చిన్నాన్న

మిల్టన్
మార్చి 23, 2025

చిన్నాన్నా,

మొగలిపువ్వా?

రెండో నంబరు సీసాలు రంగులేని గాజువి. వాటిని వారం పాటు కిటికీలో ఎండ తగిలేలా ఉంచాను. ఎండ పడితే బీరు ఎలా చెడుతుందో జత మనిషి కనిపెట్టాలి, అదే క్లాసు పని. ఇక్కడ మూత తీస్తే పక్క గదిలోంచి వాసవి ఆంటీ "రోడ్డు మీద ఆ కంపు జంతువు స్కంక్‌ను ఎవరో తొక్కించేసినట్టున్నారు, తలుపు వెయ్యవే" అన్నారు. కాలిన రబ్బరు, కుళ్ళిన వెల్లుల్లి. అది తెలుసుకోవడానికి ముక్కు కూడా అక్కర్లేదు.

మీ ఉత్తరాన్ని ఇంగ్లీషులో చెప్పి వినిపించాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. బస్సెక్కాక మాత్రం నవ్వు రాలేదు. నేను బాధపడతానని మీరు నన్ను పొగిడారు. చిన్నపిల్ల బొమ్మ గీస్తే బాగుంది అన్నట్టు. నాకు అది వద్దు చిన్నాన్నా. మీ ముక్కు అబద్ధం చెప్పదని నాకు తెలుసు. చెప్తున్నది మీరు. ఉన్నది ఉన్నట్టు చెప్పకుండా ఎందుకు దాస్తున్నారు? ఇలా దాచి ఎవరికి మేలు చేద్దామని? పిన్నిని అడిగి ఉంటే ఎప్పుడో చెప్పేసేది.

కోపంగా రాశాను. తిరగరాయను.

హోప్

సర్రీ
ఏప్రిల్ 2, 2025

హోప్,

రూపవతి నీకు చెప్పేసిందన్నమాట. నాకిచ్చిన మాట ఇంతేనా అని అడిగాను. నేనేం చెప్పలేదని ఏడ్చింది. సరే.

నీకు ముందే తెలిసి కూడా, నన్ను అడగకుండా, చెడిన సీసా పంపి పరీక్ష పెట్టావు. పైగా దాన్ని క్లాసులో చదివి నవ్వుకున్నారు. నువ్వు అలాంటి పిల్లవని నేను అనుకోలేదు.

అవును, జ్వరం తగ్గిన రోజున మీ పిన్ని మిరియాల చారు పెట్టింది. గిన్నెలో వేడి నీళ్ళు ఉన్నట్టే ఉంది. నాలుక మీద ఉప్పు, పులుపు, కారం తెలుస్తున్నాయి. ముక్కులోకి మాత్రం ఏదీ రావడం లేదు. సబ్బు రాదు, కిరసనాయిలు రాదు. డాక్టర్ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. దాని కోసం పొద్దున్నే లవంగాలు, నిమ్మతొక్క పట్టుకుని కూర్చుంటున్నాను. లవంగం నా చేతిలో లవంగంలాగే కనిపిస్తుంది, అంతే.

ప్లాంటులో ఎవరికీ తెలియదు. నేను చేయగల పని ఇదొక్కటే. ఈ ముక్కు లేదంటే నేను అక్కడ ఒక ముసలి మనిషిని. కొన్నాళ్ళు ఆగు. వేసవికి వచ్చేస్తుంది. మీ నాన్నకు చెప్పకు, ఎవరికీ చెప్పకు. ప్రజ్వల్ ఆ రోజు, అన్న కూతురి మీద ప్రేమ కొద్దీ అలా అన్నాననుకున్నాడు. అలాగే అనుకోనీ.

క్రీస్తుదాసు

మిల్టన్
ఏప్రిల్ 13, 2025

చిన్నాన్నా,

పిన్ని నాకేమీ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. మీ ఉత్తరం చదివేదాకా నాకు ఏమీ తెలియదు. మర్యాద కోసం పొగుడుతున్నారని మాత్రమే అనుకున్నాను. పిన్నికి క్షమాపణ చెప్పండి. నవ్వినందుకు నన్ను క్షమించండి. మీరు జనవరి ఉత్తరంలో నురుగు గురించి, బుడగల గురించి రాస్తే నేను వాటి మీద పెన్నుతో గీతలు పెట్టి, బద్ధకం అని రాసుకున్నాను.

రెండు రోజులుగా మీకు ధైర్యం చెప్పే మాటలు వెతుకుతున్నాను. నోవా స్కోషియా బీరు ఇంకోటి కొని, కళ్ళు మూసుకుని, ముక్కు నొక్కి పట్టుకుని తాగాను. మీ దగ్గర ఏం మిగిలిందో తెలుసుకుందామని. ఉప్పు, పులుపు, చల్లదనం. మీరు రాసింది సరిగ్గా అదే. మీరు అబద్ధం రాయలేదు. మొగలిపువ్వు తప్ప.

కానీ ఒకటి అడగకుండా ఈ ఉత్తరం ముగించలేను. క్రిస్మస్ తర్వాత మీ టేబుల్ మీదికి వచ్చిన చేపలు ఏమయ్యాయి? వెళ్ళొచ్చు అని ఎలా చెప్తున్నారు?

హోప్

సర్రీ
ఏప్రిల్ 24, 2025

హోప్,

మొప్ప ఎర్రగా ఉందా లేదా అన్నది కంటికి తెలుస్తుంది. వేలితో నొక్కితే కండ తిరిగి లేస్తుందా లేదా అన్నది చేతికి తెలుస్తుంది. నీ వయసుకన్నా ఎక్కువ కాలంగా చేప పట్టుకుంటున్నాను. బీరు చదువులో ఇవి చెప్పరు. చెడిన చేప ఒక్కటి కూడా నన్ను దాటి పోలేదు.

వాసవి గారితో ఇక సీసాలు పంపవద్దు.

క్రీస్తుదాసు

మిల్టన్
మే 4, 2025

చిన్నాన్నా,

సీసాలు పంపడం లేదు. ఇది మామూలు పోస్టులో వస్తుంది.

నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. నాన్న నిన్న అడిగినా చెప్పలేదు. మీ ప్లాంటుకు నేను రాస్తే అది మీ ఉద్యోగం నా చేత్తో తీసేసినట్టు. అది నాకు చేతకాదు. చేతకాకపోవడం మంచితనమో పిరికితనమో కూడా నాకు తెలియడం లేదు. ఒక్కటీ దాటి పోలేదన్నారు. దాటి పోతే మీకు తెలిసే దారి ఏది?

జనవరిలో మీరు రాసింది మళ్ళీ చదివాను. ఇంటికి తెచ్చిన చేపను పిన్ని వాసన చూశాకే పొయ్యి ఎక్కనిస్తోందని. కళ్ళూ వేళ్ళూ చాలనుకుంటే ఇంట్లో ఎందుకు చాలలేదు? మీరు పిన్ని చేతికి చేప ఇచ్చి ఆవిడ ముఖం చూస్తూ నిలబడి ఉంటారు. నాకు కనిపిస్తోంది. మీ టేబుల్ నుంచి వెళ్ళిన చేప కొనుక్కున్నవాళ్ళ ఇంట్లో పిన్ని లేదు చిన్నాన్నా. వాళ్ళకు ఉన్నది మీరొక్కరే.

ఇంతకంటే మెత్తగా రాయడం నాకు రాలేదు.

హోప్

సర్రీ
జూన్ 1, 2025

హోపమ్మకు చిన్నాన్న రాయునది.

నీ ఉత్తరం వచ్చాక చాలా రోజులు అది నా లంచ్ సంచిలోనే తిరిగింది. పనికి తీసుకుపోయేవాణ్ణి, తీసుకొచ్చేవాణ్ణి. నీ మీద కోపం తగ్గకుండా ఉండాలని చూసుకున్నాను. కోపం ఉన్నన్నాళ్ళు పనికి వెళ్ళడం తేలిక.

పోయిన సోమవారం టేబుల్ మీదికి కొత్త సరుకు వచ్చింది. మొదటి చేప మొప్ప ఎత్తాను. ఎర్రగా ఉంది. వెళ్ళొచ్చు అనబోయాను. చేపను మళ్ళీ టేబుల్ మీదే పెట్టేశాను. ప్రజ్వల్‌ను పక్కకు పిలిచి చెప్పాను. నమ్మలేదు. "జోకులు వద్దంకుల్" అన్నాడు. తర్వాత నా ముఖం చూశాడు. "ఎప్పటి నుంచి?" అన్నాడు. క్రిస్మస్ నుంచి అన్నాను. గోడకు ఆనుకున్నాడు. "ఆ రోజు ఆ రెండో సీసా" అని ఆగిపోయాడు.

మేనేజర్ వచ్చింది. అరవలేదు. తాజాగా వెళ్ళిపోయిన చేప ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది, దాని సంగతి ఇక ఎవరూ చెప్పలేరు. ఐసులో పెట్టింది, కోల్డ్ స్టోర్‌లో మిగిలింది మాత్రం తెప్పించారు. ఒక్కో డబ్బా తెరిచి, వేరే ప్లాంటు నుంచి పిలిపించిన ఇద్దరి చేత వాసన చూపించారు. నన్ను వెళ్ళమనలేదు, ఉండమనలేదు. ఉన్నాను. ఒక్కోటీ బాగుందంటుంటే ఊపిరి తీసుకుంటున్నాను. నేను రాసిన మాట నిజమే, నా కళ్ళూ వేళ్ళూ చాలాయి అని హోప్‌కు రాయాలి అనుకున్నాను. మనసులో వాక్యం కూడా కట్టుకున్నాను.

మధ్యాహ్నం దాటాక ఒక డబ్బా తెరిచారు. అందులో చేపలు అన్నిటిలాగే మెరుస్తున్నాయి. కనుగుడ్డు నిండుగా ఉంది. అప్పుడు ప్రజ్వల్ మోచెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. మేనేజర్ వెనక్కి జరిగింది. ఆ వచ్చిన ఇద్దరూ జరిగారు. నేను అర్థం చేసుకునేలోపే డబ్బా చుట్టూ ఎవరూ లేరు, నేను తప్ప. "అంకుల్, మీరూ ఇటు రండి" అన్నాడు ప్రజ్వల్. నేను వెళ్ళలేదు. ఒక చేపను రెండు చేతులతో ఎత్తి, మొప్ప తెరిచి, ముఖం ఆనించి పీల్చాను. ఎంత పీల్చగలిగితే అంత. చల్లగా తగిలింది. ఇంకేమీ లేదు.

ఆ డబ్బా మీద వెళ్ళొచ్చు అని ఉన్న సంతకం నాది.

ఉద్యోగం ఉందో లేదో ఇంకా చెప్పలేదు. కబురు చేస్తాం, ఇంటికి వెళ్ళమన్నారు. రోజూ ప్రజ్వల్ కారులో వచ్చేవాణ్ణి. ఆ రోజు అతను రాలేడు కాబట్టి స్కైట్రెయిన్ ఎక్కాను. అందరూ ఇళ్ళకు పోయే వేళ. మనుషులు నిలబడి ఉన్నారు, అయినా నా పక్క సీటు ఖాళీగా ఉంది. నిలబడ్డ అబ్బాయిని కూర్చోమని సైగ చేశాను. తల అడ్డంగా ఊపి, పెట్టె అవతలి చివరికి వెళ్ళిపోయాడు. ఇంత చెడ్డ రోజున ఇంత చోటు దొరికిందనుకుని, సంచి పక్కన పెట్టుకుని, సర్రీ దాకా హాయిగా కూర్చున్నాను.

ఇంటి తలుపు మీ పిన్ని తీసింది. నోరు తెరిచి చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "లోపలికి రాకండి, చొక్కా అక్కడే విప్పండి" అంది. చున్నీ ముక్కు దాకా లాక్కుంది. ఆ చేప ఎత్తినప్పుడు కారిన నీళ్ళు చేతుల మడతల్లో ఇంకిపోయినట్టున్నాయి. గుమ్మం బయట బొత్తాలు విప్పుతూ ఉంటే, రైల్లో నా పక్కన ఎవరూ ఎందుకు కూర్చోలేదో తెలిసింది.

నీ
చిన్నాన్న